పెదాల మంటకు పేరు కావాలి

మాఘమాసం వచ్చిందంటే ఏటూరునాగారంలో మాలాంటి బ్యూటీపార్లర్ వాళ్లకు ఊపిరి సలపదు. ఒకవైపు పెళ్లి ముహూర్తాలు, మరోవైపు రెండేళ్లకోసారి మేడారం జాతర. జాతర దారిలో గాజులు, రిబ్బన్ల పక్కనే లిప్‌స్టిక్‌లు కూడా కుప్పలు పోసి అమ్ముతారు. ఆ రద్దీ తగ్గాక పార్లర్ గడప దగ్గర ఏదో ఒక ఆడపిల్ల చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. "అక్కా, పెదాలు మండుతున్నయి, పొట్టు లేస్తంది." అలంకరణ నా బతుకుదెరువు. ఆ అలంకరణ వల్ల వచ్చే మంట గురించి చెప్పే బాధ్యత కూడా నాదే.

కొంగు తీయించి చూస్తే దాదాపు అందరిదీ ఒకే తీరు. కింది పెదవి మీద ఎండిన పొట్టు, మధ్యలో ఒకటి రెండు పగుళ్లు. నాలుకతో తడిపి తడిపి పెదవి చుట్టూ చర్మం కూడా కమిలి ఉంటుంది. అంచు వెంట సన్నటి నల్లటి గీత. మన చామనఛాయ ఒంటికి వాపు తగ్గినా నలుపు నెలల తరబడి పోదు. ఆ నలుపు కనబడకూడదని పిల్ల ఇంకా ముదురు రంగు కొంటుంది. దాంతో మంట మళ్లీ మొదలు.

అప్పుడు నేను మందు చెప్పను. సంచిలో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమంటాను. లిప్‌స్టిక్, లైనర్, లిప్ బామ్, వీటితో పాటు ఇంట్లో వాడే టూత్‌పేస్టు పేరు కూడా అడుగుతాను. పేస్టులోని పుదీనా, దాల్చినచెక్క ఘాటుకు పెదాలు రేగేవాళ్లున్నారు. పెదవి మీద చర్మం బహు పలచన, చెమట గ్రంథులు కూడా ఉండవు. చెంప తట్టుకున్నది పెదవి తట్టుకోలేదు.

మంటలో రెండు రకాలున్నాయి. గంటల తరబడి చెరగకుండా ఉండే మ్యాట్ రంగులు పెదవిలోని తడిని లాగేసి ఎండగొడతాయి. ఇది పూసిన కాసేపటికే తెలుస్తుంది. రెండోది అలర్జీ. అది పూసిన రోజున కాదు, ఒకటి రెండు రోజుల తరవాత బయటపడుతుంది. అప్పటికి లిప్‌స్టిక్ సంగతి మరిచిపోయి, నిన్న తిన్న వంకాయ కూర మీదికి నెపం నెడతారు. "మూడేళ్ల నుంచి ఇదే పూస్తున్న కదక్కా, ఇప్పుడెందుకైతది?" అంటారు. మూడేళ్లు పడిన వస్తువు నాలుగో ఏట పడకపోవచ్చు. అలర్జీ అంతే.

ఇక ఆముదం సంగతి. మన ఇళ్లలో పసిబిడ్డ మాడుకు పెట్టింది ఆముదం, పగిలిన మడమకు రాసింది ఆముదం. పెదాలు మండుతున్నాయనగానే అమ్మమ్మలు ఆ సీసానే తీస్తారు. చాలామందికి దానివల్ల హాని లేదు. కానీ లిప్‌స్టిక్‌కు మెరుపు, జారుడు ఇచ్చేది కూడా చాలావాటిలో ఈ ఆముదమే. రంగుపొడి అందులో చక్కగా కలుస్తుంది. ఆముదంలో ప్రధానంగా ఉండే రిసినోలిక్ ఆమ్లం కొందరి పెదాలకు పడదని చర్మవైద్యులు గుర్తించారు. అలాంటి పిల్ల లిప్‌స్టిక్ మానేసి, తగ్గుతుందని పొద్దున, రాత్రి ఆముదం రాసుకుంటే ఏమవుతుంది? పుండు మానదు. "లిప్‌స్టిక్ మానేసినా తగ్గలేదు, ఇది వేరే రోగం" అనుకుంటుంది. అడవి తేనె, మైనం కలిపిన బామ్‌లదీ ఇదే కథ. తేనెతుట్టెలో ఈగలు పూసే జిగురు కొందరికి గట్టి అలర్జీ తెస్తుంది. చెట్టు నుంచి వచ్చింది, మన అడవిలో దొరికింది అన్నంత మాత్రాన పెదవికి పడుతుందని నమ్మకం లేదు. నాటు వైద్యం మీద గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను.

మంట మొదలైతే పెదాలకు పూసేవన్నీ ఒకేసారి ఆపాలి. వాసన, రంగు లేని పెట్రోలియం జెల్లీ ఒక్కటి చాలు. నాలుకతో తడపొద్దు. ఉమ్మిలో అన్నాన్ని అరిగించే రసాలుంటాయి, అవి పచ్చి చర్మాన్ని ఇంకా రేపుతాయి. పొట్టు పీకొద్దు. నిమ్మచెక్క, చక్కెరతో రుద్దుడు అసలే వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్ల ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు హాయినిచ్చి, మానగానే రెట్టింపుగా తిరగబెట్టవచ్చు. డాక్టరు చీటీ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఒక మూలనే గుత్తిగా నీటిపొక్కులు లేచినా, రెండు వారాలైనా మానకపోయినా దవాఖానకు పోవాల్సిందే. ప్రతి పెదవి జబ్బూ లిప్‌స్టిక్ వల్లే రాదు.

పెళ్లికూతుళ్లను నేను వారం ముందే పిలుస్తాను. పెళ్లిరోజు వాడబోయే రంగును మోచేతి మడత దగ్గర రోజుకు రెండు పూటలా వారం పాటు పూసుకోమంటాను. దురద, దద్దు లేస్తే ఆ రంగు పక్కన పెట్టేస్తాం. ఒకరి పెదవికి తగిలించిన లిప్‌స్టిక్‌ను ఇంకొకరికి తగిలించను. అవసరమైనంత గీకి, శుభ్రమైన బ్రష్‌తోనే వేస్తాను. కొందరు విసుక్కుంటారు, అయినా ఈ పద్ధతి మార్చను.

ఏ పదార్థం పడలేదో తేల్చేది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న బిళ్లలుగా వీపుకు అంటిస్తారు. మన లిప్‌స్టిక్‌ను కూడా అలాగే పెట్టి చూడొచ్చు. సోమవారం అంటిస్తే బుధవారం తీసి చూస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు. చర్మవైద్య నిపుణుల కోసం ఇక్కడి నుంచి వరంగల్ పోవాలంటే సుమారు 100 కిలోమీటర్లు. మిర్చి ఏరే కూలికి పోయే పిల్ల ఒకే వారంలో మూడుసార్లు బస్సెక్కాలంటే మూడు రోజుల కూలి పోతుంది.

అంత కష్టపడి వెళ్తే డాక్టరు చేతికి ఒక పేరు ఇస్తారు. ఇది నీకు పడదు, ఇది లేని వస్తువే కొనుక్కో అంటారు. ఆ పేరు పట్టుకుని దుకాణానికి పోతే లిప్‌స్టిక్ మీద అది ఉందో లేదో రాసి ఉండాలి కదా. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ లేబుల్ మీద పదార్థాల జాబితా వేయాలన్నాయి గానీ 30 గ్రాముల లోపు ఘనపదార్థాల ప్యాక్‌కు మినహాయింపు ఇచ్చాయి. లిప్‌స్టిక్ తూకం నాలుగు గ్రాముల చుట్టూ ఉంటుంది. పెద్ద కంపెనీలు చాలావరకు తమంతట తామే అచ్చేస్తున్నాయి. అదీ ఎక్కువగా పై అట్టపెట్టె మీద, చీమతలంత ఇంగ్లీషు అక్షరాల్లో. ఆముదాన్ని అక్కడ 'రిసినస్ కమ్యూనిస్' అని రాస్తారు. సంతలో, జాతరలో అమ్మే వాటికి ఆ పెట్టె కూడా ఉండదు.

పెదవి రంగు కడుపులోకి కూడా పోతుంది. దానికీ ఈ మినహాయింపు ఉండటం అన్యాయం. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని ఎత్తేయాలి. అందాకా, చెల్లెళ్లారా, పేరూ ఊరూ లేని రంగు కొనకండి. కొన్నదాని పెట్టె పారేయకండి. పెదాలు మండితే ఆ పెట్టెను, లిప్‌స్టిక్‌ను రెండింటినీ డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి.