దొరికిన సమాచారమంతా సాక్ష్యమేనా?

నిఘా అనగానే మనకు దొంగచాటుగా రహస్య పత్రాలు చేజిక్కించుకునే గూఢచారి గుర్తుకొస్తాడు. కానీ అందరికీ బాహాటంగా దొరికే సమాచారం కూడా నిఘాకు ముఖ్యమైన ఆధారమే. 1939లో బ్రిటన్‌లో బి.బి.సి. ఇతర దేశాల రేడియో ప్రసారాలను విని, సారాంశాన్ని ప్రభుత్వానికి అందించే విభాగాన్ని ప్రారంభించింది. పత్రికలు, ప్రసారాలు, ఉపగ్రహ చిత్రాలు, ప్రభుత్వ నివేదికల నుంచి ఇలా విషయం రాబట్టడాన్ని ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అంటారు. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతివారూ ఈ పని చేయగలరు. చేస్తున్నారు కూడా. అయితే ఎక్కువమంది సేకరణతోనే ఆగిపోతున్నారు. పరీక్షించి చూసే రెండో దశను వదిలేస్తున్నారు. ఇది చిన్న లోపం కాదు. ఒక ఉదాహరణ చూడండి.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో తెలుగు మాట వినబడటం వింతేమీ కాదు. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో ఉన్నాయి. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆ ఊరి మీదుగానే విశాఖపట్నం, విజయవాడ, చెన్నైలకు వెళుతుంది. 2023 జూన్ 2వ తేదీ సాయంత్రం ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషన్‌లో ఆ బండి లూప్ లైనులోకి మళ్ళి, అక్కడ నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా మరణించారు.

వెంటనే ఒక ఫొటో దేశమంతా తిరిగింది. పట్టాల పక్కన ఒక తెల్లని కట్టడం ఉంది. అది మసీదనీ, ఆ రోజు శుక్రవారమనీ చెప్పి, ప్రమాదం కుట్రేనని కొందరు తేల్చేశారు. అదే కట్టడాన్ని మరో కోణంలో చూపే చిత్రాలతో పోల్చినవారికి అది ఇస్కాన్ ఆలయమని తెలిసింది. పరారైన స్టేషన్ మాస్టరు అంటూ ఇంకో ఫొటో వచ్చింది. అది 2004లో మన బొర్రా గుహలు స్టేషన్‌లో తీసినది! ప్రమాదంతో ఏ సంబంధమూ లేని మనిషిని నేరస్థుడిగా నిలబెట్టారు.

గమనించండి. ఫొటోలు రెండూ నిజమైనవే. శుక్రవారమన్నదీ నిజమే. వాటిని కలిపిన తీరే తప్పు. వెయ్యి మంది పంపినంత మాత్రాన ఒక ఫొటో వెయ్యి సాక్ష్యాలు కాదు. మొదట పంపినవాడు పొరబడితే వెయ్యి మందీ పొరబడినట్టే.

అసలు కారణం వేరు. మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నల్ పడింది, పాయింట్లు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. గతంలో సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలు, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు పనిలో జరిగిన లోపాలు కలిసి ఇందుకు దారి తీశాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ఇదే డివిజన్‌లోని బాంక్రానయాబాజ్‌లో 2022 మే 16న తప్పుడు వైరింగ్ వల్ల ఇలాంటి సంఘటనే జరిగిందనీ, అప్పుడే సరిదిద్ది ఉంటే బహనాగా ప్రమాదం తప్పేదనీ ఆ నివేదిక పేర్కొంది. మనిషిని వెతికినవారికి వైరింగ్ కనబడలేదు.

తప్పు ప్రజలదొక్కటే కాదు. వదంతి గంటల్లో వచ్చింది. విచారణ సారాంశాన్ని ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది జూలై 21న, అంటే ఏడు వారాల తరువాత. అప్పట్లో సి.బి.ఐ. దర్యాప్తు నడుస్తున్నందువల్ల జాగ్రత్త అవసరమే అయి ఉండవచ్చు. కానీ తెలిసినంతవరకు సాంకేతిక వివరాలను ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటే వదంతులకు అంత చోటు దొరికేది కాదు.

ఈసారి మీ చేతికి అలాంటి ఫొటో వస్తే ఒక కాగితం తీసుకుని నాలుగు జవాబులు రాయండి. దీన్ని మొదట ఎవరు తీశారు? ఎప్పుడు? ఎక్కడ? దీనితో సంబంధం లేని మరో ఆధారం ఇదే విషయం చెబుతున్నదా? ఒక్క జవాబు ఖాళీగా మిగిలినా, ఆ ఫొటోను మీ దగ్గరే ఆపండి.