మూడు పేర్ల పార్టీ

చెన్నై పానగల్ పార్క్ పక్కన చీరల షాపులు తిరిగేవాళ్లకి ఆ పానగల్ ఎవరో తెలియాల్సిన అవసరం పడదు. నాకూ చాలాకాలం పడలేదు. ఆయన పానగల్ రాజా, పానగంటి రామారాయణింగారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి. ఆ పార్కున్న టి. నగర్ పేరులోని త్యాగరాయ చెట్టి కూడా తెలుగు దేవాంగుల ఇంటివాడే. ఇద్దరిదీ జస్టిస్ పార్టీ.

తమిళుల చరిత్రలో అది ద్రావిడ ఉద్యమానికి తొలిమెట్టు. మనం స్కూల్లో చదివిన జాతీయోద్యమ కథలో బ్రిటిషువాళ్ల తొత్తు. ఈ రెంటి కంటే ఆ పార్టీ పేర్లే నాకు ఎక్కువ చెప్పాయి. 1916లో పెట్టుకున్న పేరు దక్షిణ భారత లిబరల్ ఫెడరేషన్. జనం పిలిచింది అది నడిపిన ఇంగ్లిష్ పత్రిక పేరుతో, జస్టిస్ అని. మ్యానిఫెస్టో మాత్రం బ్రాహ్మణేతరుల పేరిట రాసుకుంది. ఉదారత, న్యాయం, 'ఇతరులు'. పార్టీని నిజంగా నడిపింది ఈ మూడోదే.

ఆ మాటకి బలం తక్కువేం కాదు. 1921లో ఉద్యోగాల్లో కులాలవారీ వాటాకి జీవో వచ్చింది. అదే ఏడాది, ఆస్తి అర్హతతోనే అయినా, ఆడవాళ్లకి ఓటొచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది.

కానీ 'ఇతరులు' అంటే మనం ఎవరం కాదో తెలుస్తుంది గానీ, ఎవరమో తెలీదు. 1921లో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల సమ్మెలో దళిత కార్మికులకీ సవర్ణ కార్మికులకీ గొడవ ముదిరితే, పార్టీ పెద్దలు సవర్ణుల వైపే మొగ్గారు. దళిత నాయకుడు ఎం.సి. రాజా 1923లో బయటికొచ్చేశాడు. జమీందార్ల చేతిలో ఉన్న పార్టీ రైతుకి భూమి గురించి ఏం చెప్పగలదు? 1937లో బొబ్బిలి రాజా సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు.

1944లో సేలంలో పెరియార్ దానికి నాలుగో పేరు పెట్టారు: ద్రావిడర్ కళగం. ఈసారి పేరు 'మనం ఎవరం' అన్నదానికి జవాబు చెప్పింది. అన్నేళ్లు ముందుండి నడిపిన తెలుగువాళ్లు ఆ జవాబులో ఇమడలేదు. మనం కూడా వాళ్లని వెతకలేదు. అందుకే రిజర్వేషన్ల మీద వాదన వచ్చినప్పుడల్లా, అదంతా 1950 తర్వాతే మొదలైనట్టు మాట్లాడుకుంటాం.

తొత్తులని కొట్టిపారేస్తే ఆ జీవో కథలోంచి పోతుంది. మూలపురుషులని దండలేస్తే ఎం.సి. రాజా పోతాడు. నాకు ఈ రెండూ ఉన్న చరిత్ర తెలుగులో చదవాలనుంది.