ఫిట్టర్ చేతిలోని కొలత

లివర్ రైఫిల్‌లో లివర్‌ను దించి ఎత్తే ఒక్క ఊపులో కాల్చిన తూటా తొడుగు బయటపడాలి, కొత్త తూటా లోపలికి ఎక్కాలి, బోల్టు బిగుసుకోవాలి. ఇన్ని భాగాలను వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపే ఫిట్టర్ పనితనం నిజంగా గొప్పది. అమెరికాలో 1870లో మొదలైన మార్లిన్ తుపాకుల కంపెనీ పేరు నిలబెట్టింది ఆ పనితనమే. మార్లిన్‌ను కొన్న రెమింగ్టన్ అనే మరో తుపాకుల కంపెనీ, కనెక్టికట్‌లోని నార్త్ హేవెన్ ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు 2010లో ప్రకటించి, తయారీని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు మార్చింది. పాత యంత్రాలు తరలివెళ్లాయి. వాటి అరుగుదల ఎరిగి, ఆ లోటును ఆకురాయితో సరిచేసే మనుషులు మాత్రం ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పలు రైఫిళ్లలో గురి చూసే మిట్టలు పక్కకు ఒరిగాయి, కర్రకూ ఉక్కుకూ మధ్య సందులు తేలాయి, తూటాలు ఇరుక్కున్నాయి.

2020లో మార్లిన్‌ను కొన్న రూగర్ కంపెనీ నార్త్ కరోలినాలో కంప్యూటర్ యంత్రాలతోనే మంచి రైఫిళ్లు చేస్తోంది కదా, ఇక చేతిపనితో పనేమిటని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే; రెమింగ్టన్ కూడా తర్వాత కొంత సరిదిద్దుకుంది. కానీ రూగర్ తొలి మార్లిన్ రైఫిల్ పంపడానికి 2021 చివరిదాకా ఆగింది. పాత ఫిట్టర్ల చేతుల్లో ఉన్న కొలతలను యంత్రానికి నేర్పడానికి సమయం కావాలి. నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడకముందు ఆ కొలతలు తెలిసినవాళ్లు అక్కడ రోజూ పనిలోకి వస్తూ ఉండేవారు.