సెట్ అయింది, నీళ్ళు పడ్డాయి

మా మేనకోడలు ఈమధ్యే ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్ళింది. ఈ వారం ఫోన్ చేసి, "మామయ్యా, అక్కకి సంబంధం సెట్ అయింది!" అంది. చాలా సంతోషించాను. ఆ వెంటనే, కుట్టించుకున్న జాకెట్టు సెట్ కాలేదంది. అక్కడి నీళ్ళు తనకు సెట్ కావట్లేదంది. ఫోన్ పెట్టేశాక నాకు కోపం వచ్చింది. సంబంధం కుదురుతుంది. రంగు నప్పుతుంది. జాకెట్టు సరిపోతుంది. నీళ్ళు పడతాయి. ఏ పనికి ఆ మాట ఉండగా ఈ పొట్టి ఇంగ్లీషు ముక్క అన్నిటి నోట్లో మన్నుకొట్టిందే అనిపించింది.

నిఘంటువుల మీద నాకున్న మోజు ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. కోపమొచ్చినా తెరిచేది ఆక్స్‌ఫర్డునే. 1989లో వచ్చిన దాని రెండో కూర్పులో 'సెట్' అనే క్రియకు 430 అర్థాలు ఇచ్చారు. వివరణకు దాదాపు 60,000 మాటలు పట్టాయి. మరే మాటకూ అందులో అంత చోటు దక్కలేదు. పొద్దు గుంకడం, సిమెంటు గట్టిపడటం, అలారం పెట్టడం, విరిగిన ఎముకను సరిచేసి కట్టడం, అన్నీ అదే. మొదటి కూర్పులో ఈ భాగానికి సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. షెఫీల్డులో చాకులూ కత్తెరలూ తయారుచేసే కంపెనీలో ఇరవై ఏళ్ళు ఉత్తరాలు రాసిన గుమాస్తా ఆయన. చాలా భాషలు సొంతంగా నేర్చుకున్నాడు.

దీనంతటికీ పునాది చీటీలు. 1879లో ప్రధాన సంపాదకుడు జేమ్స్ మర్రే జనానికి ఒక విజ్ఞప్తి చేశాడు. చదివే పుస్తకంలో మాట కనబడిన వాక్యాన్ని, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీతో సహా చీటీ మీద రాసి పంపమన్నాడు. లక్షల చీటీలు వచ్చాయి. రేకుల షెడ్డులో గూళ్ళు కట్టించి వాటిని సర్దారు. ఒక మాట చీటీలన్నీ బల్లమీద పరిచి, ఈ వాక్యంలో అర్థం పాతదేనా, కాస్త పక్కకు జరిగిందా అని తేల్చడమే సంపాదకుడి పని. మన కాలంలో 'రన్' అనే క్రియ పీటర్ గిల్లివర్ చేతికొస్తే తొమ్మిది నెలలు పట్టింది, 645 అర్థాలు తేలాయి. ఆ ఓపికకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

మేనకోడలికి "నీళ్ళు పడట్లేదు అనమ్మా" అని చెబుదామనుకుంటూ 'పడు' దగ్గర ఆగిపోయాను. మేనకోడలు నీళ్ళు పడలేదంటే ఒంటికి సరిపడలేదని. అనంతపురం రైతు నీళ్ళు పడలేదంటే బోరు వేయించినా చుక్క తగల్లేదని. అప్పు మిగిలిందని కూడా. వాన పడుతుంది, ఓటు పడుతుంది, ఒకటో తారీకున జీతం పడుతుంది. మనిషి మంచాన పడతాడు. అన్నదమ్ములకు పడదు. భయం, సిగ్గు, కష్టం, దేని వెనకైనా 'పడు' చేరిపోతుంది. జీతం ఖాతాలో పడటం బ్యాంకుల కాలపు అర్థం. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో అది ఉండే వీలే లేదు. ఆ అర్థం ఎప్పుడు పుట్టిందో చెప్పే చీటీ మన దగ్గర ఎవరు రాసిపెట్టారు?

'సెట్' చేస్తున్నదీ ఇదే. నీళ్ళు ఒంటికి సెట్ కావడం ఇంగ్లీషువాడు ఎరగడు. పక్కన 'అవు' చేర్చి ఆ అర్థాన్ని పెంచింది మన పిల్లలు. కాబట్టి 'సెట్ అవు' తెలుగు నిఘంటువులోకి రావాలి, ఏ అర్థానికి ఆ అర్థం విడదీసి, వాడిన వాక్యంతో సహా. 'కుదురు', 'నప్పు' ఈ రోజున ఎవరి నోట ఎలా పలుకుతున్నాయో కూడా అంతే శ్రద్ధగా ఎక్కించాలి.

మన పెద్ద నిఘంటువులు ఉదాహరణలను చాలావరకు కావ్యాల నుంచే తీసుకున్నాయి. ఇది నా పాత పాటే, మళ్ళీ పాడతాను: మాట్లాడే తెలుగుకు చీటీలు కావాలి. మీరు విన్న వాక్యం ఒక్కటి కార్డు మీద రాసి పంపండి. దిద్దకండి. ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఏ పనిలో ఉన్న మనిషి అన్నారో రాయండి. బ్యాంకు వరసలో విన్నదైనా, బోరు బండి దగ్గర విన్నదైనా పరవాలేదు. ముందు 'పడు', 'సెట్ అవు' ఈ రెండింటితో మొదలుపెడదాం.