తల్లి శ్రమ - మన విమర్శ

ఒక తప్పు ఒప్పుకోవటంతో ఈ వ్యాసం మొదలుపెట్టవలసి వస్తోంది.

సుమారు పాతికేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో జరిగిన కథాగోష్ఠికి నేను సమీక్షకుణ్ణి. ఆ రోజు చదివిన ఆరు కథల్లో ఒకటి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిది. కథలో జరిగింది చాలా కొద్ది. చంటిబిడ్డ తల్లి ఒకామె తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా చేసే పనులే కథంతా. పొయ్యి వెలిగించటం, బిడ్డకు నీళ్లు పోయటం, పెద్దవాడికి క్యారేజీ కట్టటం, అత్తగారికి వేణ్ణీళ్లు పెట్టటం, పరుగున బస్సెక్కి బడికి పోవటం. మధ్యాహ్నం రెండో గంటకు రొమ్ములు సలిపి జాకెట్టు తడిస్తే కొంగు కప్పుకుని ఎక్కాలు చెప్పటం. రాత్రి బిడ్డ మూడుసార్లు లేవటం. కథ ఎక్కడ పడితే అక్కడ తెగిపోయి మళ్లీ మొదలవుతుంది. కొన్ని వాక్యాలు పూర్తి కూడా కావు.

నేను లేచి రెండు లోపాలు చెప్పాను. వస్తువు చిన్నది, అది గడప దాటి సమాజంలోకి రాలేదన్నాను. నిర్మాణం శిథిలంగా ఉంది, ఏకసూత్రత లేదన్నాను. సభలో ఎవరూ కాదనలేదు. ఆమె కూడా వాదించలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని, "బస్సు వేళయిందండీ, పాపను పక్కింట్లో వదిలొచ్చాను" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె కథ నేనెక్కడా చూడలేదు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఆపరేషన్ కాన్పు. మా ఇంటావిడకు మోకాళ్లు వంగవు. ఉద్యోగ విరమణ చేసి ఖాళీగా ఉన్నవాణ్ణి గనక మూడు నెలలపాటు మనవడి పని కొంత నా మీద పడింది. కొంతే సుమా. పాలివ్వటం నా వల్ల కాదు, పచ్చి కుట్లతో లేచి కూర్చోవలసిన బాధ నాకు లేదు. అయినా ఆ మూడు నెలల్లో సమీక్షకు వచ్చిన నూట ఇరవై పేజీల నవలను నేను పూర్తి చేయలేకపోయాను. రెండు పేజీలు చదివేసరికి పిలుపు వచ్చేది. తిరిగి వచ్చేసరికి చదివిన రెండు పేజీలు మరిచిపోయేవాణ్ణి. ఒక అర్ధరాత్రి తడిబట్టలు మారుస్తుండగా ఆ ఉపాధ్యాయిని కథ జ్ఞాపకం వచ్చింది. ఆ కథ తెగిపోయిన చోటల్లా బిడ్డ ఏడ్చిన చోటని అప్పటికి గాని నాకు బోధపడలేదు. నేను శిల్పలోపమన్నది ఆమె కాలానికి ఉన్న అసలు రూపం.

ఇది నా ఒక్కడి పొరపాటే అయితే ఇక్కడ రాయనక్కరలేదు. శ్రమను గురించి ఇంతగా మాట్లాడిన మన అభ్యుదయ విమర్శ, తల్లి చేసే పనిని శ్రమగా చూడటంలో చాలాకాలం వెనకబడిందని నా అభిప్రాయం. తల్లిని మనం తక్కువ చేయలేదు. నెత్తిన పెట్టుకున్నాం. ఆమెను త్యాగానికీ సహనానికీ ఉద్యమానికీ ప్రతీకగా నిలబెట్టాం. ప్రతీకగా నిలబడ్డ మనిషికి నిద్ర చాలుతోందా, అన్నం మిగులుతోందా అని మాత్రం అడగలేదు.

గోర్కీ 1906లో రాసిన 'అమ్మ' నవలనే తీసుకుందాం. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన నాటి నుంచీ ఆ నవల మనకు పాఠ్యగ్రంథం లాంటిది. తాగి కొట్టే భర్త కింద నలిగిన నీలొవ్నా, కొడుకు పావెల్ ద్వారా కార్మికోద్యమాన్ని తెలుసుకుని తానే కార్యకర్త కావటం అందులో కథ. మనం ఎప్పుడూ ఆమె చైతన్యం పెరిగిన క్రమాన్నే విశ్లేషించాం. మళ్లీ చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. ఫ్యాక్టరీలోకి ఆమె కరపత్రాలు చేరవేసేది తిండి అమ్మే మనిషి వేషంలో. కాపలావాళ్లు ఆమెను అనుమానించకపోవటానికి కారణం, తిండి మోసే ఆడమనిషిని ఎవరూ పట్టించుకోకపోవటమే. లోకం లెక్కచేయని ఆ పనినే గోర్కీ ఆయుధంగా మార్చాడు. ఇది ఆయన పరిశీలనాశక్తికి నిదర్శనం.

అయితే ఇంకొక విషయం కూడా గమనించవలసి ఉంది. పావెల్ ఎదిగిన కొడుకు. నీలొవ్నా రాత్రిళ్లు లేవవలసిన అవసరం తీరిపోయిన తల్లి. ఆ నవల ప్రభావంతో మన భాషలో వచ్చిన ఎన్నో కథల్లో తల్లి వయసు అదే. కొడుకు జైలుకు పోతే కన్నీరు మింగి జెండా అందుకునే తల్లి మనకు బాగా పరిచితురాలు. చంకలో బిడ్డ ఉన్న తల్లి ఉద్యమంలోకి ఎలా వస్తుంది, వస్తే బిడ్డను ఎవరు చూస్తారు అన్న ప్రశ్న దగ్గర మన సాహిత్యం తడబడింది.

జీవితం మాత్రం ఆ ప్రశ్నను మనకన్నా ముందే అడిగింది. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో 1986లో పుస్తకంగా తెచ్చింది. అందులో కమలమ్మ చెప్పిన భాగం చదివినవారు మరిచిపోలేరు. అడవిలో దళంతో ఉన్న రోజుల్లో పుట్టిన పసిబిడ్డ ఏడుపు వినబడితే దళానికే ప్రమాదమన్న పరిస్థితి. బిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టి ఆమె పోరాటంలో ఉండిపోయింది. దీన్ని త్యాగమని ఒక్క మాటలో అనేసి మనం తేలిగ్గా ముందుకు పోవచ్చు. కానీ ఆ పుస్తకం మనల్ని అలా పోనివ్వదు. యుద్ధకాలపు నిర్బంధాన్ని నేను తోసిపుచ్చటం లేదు. అటువంటి స్థితిలో ఏ దళమైనా అంతకన్నా ఏం చేయగలిగేదో చెప్పటం కష్టం. నా ప్రశ్న తర్వాతి కాలం గురించి. పోరాటం ముగిసిన ముప్పై అయిదేళ్లకు గాని ఆ తల్లులను కూర్చోబెట్టి, 'మీకేమయిందమ్మా' అని వాళ్ల మాటల్లోనే రాసుకున్న పుస్తకం మనకు రాలేదు. కూర్చోబెట్టి అడిగినవాళ్లు కూడా స్త్రీలే.

ఈ లోటును మన సాహిత్యంలో పూడ్చినవారు ప్రధానంగా రచయిత్రులు. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథకు వస్తువు నిద్ర. చిన్నతనం నుంచి ఒక స్త్రీ కోరుకున్నది కంటినిండా నిద్ర మాత్రమే. పుట్టింట్లో ఒక కారణం, కాపురంలో ఒక కారణం, పిల్లలతో మరొక కారణం. ఎవరూ దుర్మార్గులు కారు. అందరికీ ఆమెతో ఏదో ఒక పని ఉంటుంది, అంతే. చివరికి నిద్రమాత్రలతో ఆమెకు నిద్ర దొరుకుతుంది. కథ పేరులోని వ్యంగ్యం గుచ్చుకునేది అక్కడే. ఆ ముగింపు నిరాశావాదమని ఒకప్పుడు నేనూ అన్నాను. ఇప్పుడు అనలేను. ఆ మరణాన్ని రచయిత్రి పరిష్కారంగా చూపలేదు. రోజుకొక గంట చొప్పున ఒక మనిషి నుంచి లోకం తీసుకున్న అప్పుకు లెక్క కట్టి చూపింది. ఏ ఒక్క గంట దగ్గరా పాఠకుడు ఇది అన్యాయమని గట్టిగా అరవలేడు. కథ చివర చేరేసరికి మొత్తం కూడుతుంది. ఆ కూడిక ఆ కథకు శిల్పం.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మరొక పద్ధతి. ఇల్లలకగానే పండగ కాదన్న సామెతను సగంలో తుంచి పేరు పెట్టటంలోనే రచయిత్రి ఉద్దేశం ఉంది. చదువుకున్న పిల్ల కాపురానికి వచ్చి, ఇల్లు అలికి ముగ్గులు పెట్టటంలో మునిగి ఒకరోజు తన పేరు మరిచిపోతుంది. పిల్లలకు అమ్మ, పనిమనిషికి అమ్మగారు, భర్తకు 'ఏమోయ్'. పేరు ఎవరికీ అవసరం లేదు. చిన్ననాటి స్నేహితురాలు నోరారా పిలిచేదాకా ఆ పేరు ఆమెకు దొరకదు. జానపద కథంత సులువుగా సాగే ఈ కథలో భర్త కొట్టడు, తిట్టడు. అందువల్లనే ఇది బలమైన కథ. దుష్టపాత్ర లేకుండానే ఒక వ్యవస్థ ఎలా పని చేస్తుందో చూపటం వాస్తవికతలో పై మెట్టు.

విమల 'వంటిల్లు' కవితలో చిన్ననాడు రుచులతో ఊరించిన చోటే తల్లి బతుకునూ తన బతుకునూ మింగిన చోటుగా మారుతుంది. ఆమె కోపం వంటింటినే కూలగొట్టమంటుంది. ఈ కోపాన్ని కొందరు మిత్రులు అతివాదమన్నారు. వారికి ఒక్క మాట గుర్తు చేయాలి. ఇంటి చాకిరీ స్త్రీని నలిపి మొద్దుబారుస్తుందనీ, సామూహిక భోజనశాలలూ శిశుశాలలే దానికి మార్గమనీ లెనిన్ 1919లోనే రాశాడు. ఎంగెల్స్ 1884లో కుటుంబాన్ని గురించి రాసిన గ్రంథం ముందుమాటలో, తిండీ బట్టా తయారు చేయటంతోపాటు మనుషుల్ని పుట్టించి పెంచటాన్ని కూడా చరిత్రకు ఆధారమైన ఉత్పత్తిగానే లెక్కించాడు. మన సిద్ధాంతంలోనే ఉన్న దాన్ని ఒక కవయిత్రి కవిత్వం చేస్తే మనం ఉలిక్కిపడ్డాం. రంగనాయకమ్మ ఇంటిపనినీ బైటిపనినీ కలిపి చర్చించినప్పుడు కూడా మనలో చాలామంది అది ఆడవాళ్ల వ్యవహారమని పక్కకు తప్పుకున్నారు.

ఇంతకీ ఈ వస్తువు చిన్నదా? 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. పిల్లల, ముసలివాళ్ల సంరక్షణ ఈ లెక్కలో లేదు, అది వేరు. పాల్గొన్నవారి లెక్క ఇది. అసలు చేయి పెట్టని మగవాళ్లు ఈ సగటులోకి రానేలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు చోట్లా 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. పురుషుల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. కనటం, పెంచటం, కనకుండా ఆపుకోవటం, మూడూ ఒకే శరీరం మీద పడ్డాయి. 'తల్లి కడుపు చూస్తుంది, పెళ్లాం జేబు చూస్తుంది' అని సామెత. తల్లి కడుపు చూసేదెవరో చెప్పే సామెత నేనింతవరకు వినలేదు.

పైన పేర్కొన్న రచనలకు ఒక పరిమితి ఉందని కూడా చెప్పాలి. అవి ఎక్కువగా ఇల్లూ వంటిల్లూ ఉన్న స్త్రీల కథలు. చేని గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, నాట్ల మధ్య లేచి వచ్చి పాలిచ్చి పోయే తల్లికి కూల్చటానికి వంటిల్లే లేదు. గోగు శ్యామల 2003లో సంకలనం చేసిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చి ఈ తేడాను కళ్లకు కట్టింది. ఆ తల్లికి పేరు మరిచిపోయేంత పెద్ద ఇల్లు లేదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు, పోతే బిడ్డను చూసే దిక్కు లేదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చిన 12 వారాల సెలవును 2017లో 26 వారాలు చేశారు. జీతపు ఉద్యోగం ఉన్నవారికి అది నిజమైన మేలు. వ్యవసాయ కూలీకి ఆ సెలవు ఎవరిస్తారు? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు ఉంటే వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించాలన్న నిబంధన ఉండేది. నేను చూసిన ఒక చెరువు పనిలో ఏడుగురు పిల్లలున్నారు. వాళ్లను చూస్తున్నది ఎనిమిదేళ్ల అక్క. ఆ పిల్ల బడి మానటం మస్టరులో ఎక్కదు. అది కథలోనైనా ఎక్కాలి.

ఇక విమర్శకులం మనం చేయవలసింది ఏమిటి? ఈ రకం కథలన్నిటినీ మెచ్చుకోమని నేననను. ఏడుపును కథ అనుకునేవీ, అత్తగారిని రాక్షసిని చేసి చేతులు దులుపుకునేవీ ఇందులో ఉన్నాయి. కానీ వాటిని కొలిచే ముందు మన కొలతబద్దను ఒకసారి చూసుకోవాలి. కార్మికుడి కథలో షిఫ్టు ఎన్ని గంటలో, కూలి ఎంతో అడిగే మనం తల్లి కథలో కూడా ఆ ప్రశ్నలు వేయాలి. ఆమె ఎప్పుడు తింది? ఎంతసేపు నిద్రపోయింది? ఒంట్లో బాగులేని రోజున ఆ పని ఎవరు చేశారు? బాలింత ఏడిస్తే దిష్టి తగిలిందని రచయిత సరిపెట్టాడా, ఆ దిగులు దగ్గర ఆగాడా? ఆదర్శ నాయకుడి కథలో ఆయన ఉపన్యాసానికి పోయిన రాత్రి జ్వరం తగిలిన బిడ్డ పక్కన ఎవరున్నారు? ఈ చివరి ప్రశ్న వేస్తే మనం ఉత్తమమని ముద్ర వేసిన కొన్ని రచనలు కూడా మళ్లీ చదవవలసి వస్తుంది. చదువుదాం.

ఆ ఉపాధ్యాయిని పేరు నా పాత గోష్ఠి నోటుపుస్తకంలో వెతికాను. కథ పేరుంది, పక్కన నా చేతిరాతలో 'బలహీనం' అని ఉంది. రచయిత్రి పేరు నేను రాసుకోలేదు. ఆమె ఇది చదివే అవకాశం తక్కువే. చదివితే, అప్పటి కాగితాలు ఇంకా ఉంటే, ఒక్క వాక్యం కూడా అతకకుండా, తెగిన చోట తెగినట్టే పత్రికకు పంపమని కోరుతున్నాను.