సీజీలో చూసుకుందాం

వీఎఫ్ఎక్స్ ఆర్టిస్టుల్లో ఎవర్ని కదిపినా ఒక కథ బయటికొస్తుంది. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర, మైండ్‌స్పేస్ గేటు బయట, నైట్ షిఫ్టు మధ్యలో టీ తాగే చోట ఈ కథలు వింటూనే ఉంటాను. కప్పు ఖాళీ అయ్యేలోపు ఫస్టాఫ్ చెప్పేస్తారు. ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరిపోతుంది. సెకండాఫ్ మాత్రం ‘ఇంకా కూర్చోవాలన్నా’ అంటారు. నేనూ రోటోలో చేరి కంపోజిటింగ్ దాకా వచ్చినవాణ్ణే కాబట్టి ఆ కథల్ని తేలిగ్గా తీసుకోను. నన్ను తొలిచే ప్రశ్న వేరే ఉంది. మన దగ్గర కెమెరామన్లు డైరెక్టర్లయ్యారు. ఎడిటర్లు, రచయితలు, డాన్స్ మాస్టర్లు అయ్యారు. ఇంతమంది గ్రాఫిక్స్ వాళ్లున్న ఊళ్లో మా వైపు నుంచి మెగాఫోన్ పట్టినవాళ్లు మాత్రం అంతంత మాత్రమే. ఎందుకని?

దారి లేక కాదు. అరవై ఏళ్ల క్రితమే ఒకాయన నడిచి చూపించారు. ఎన్టీ రామారావు తొలిసారి దర్శకత్వం వహించిన ‘సీతారామ కల్యాణం’ 1961లో వచ్చింది. దానికి కెమెరామన్ రవికాంత్ నగాయిచ్. ఉత్తరాది నుంచి వచ్చిన మనిషి. ట్రిక్ ఫొటోగ్రఫీ ఆయన విద్య. రామారావును పది తలల రావణుడిగా తెర మీద నిలబెట్టింది ఆయనే.

అప్పటి పని ఎలా ఉండేదో ఇవాళ్టి కుర్రాళ్లకు చెబితే నోరు వెళ్లబెడతారు. లెన్సు ముందు నల్లటి మాస్కు పెట్టి ఫ్రేములో ఒక భాగాన్నే ఎక్స్‌పోజ్ చేయాలి. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, మాస్కు మార్చి, అదే ఫిల్ము మీద రెండో భాగం తీయాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ మాస్కు. కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. నటుడు ఇందాక ఏ క్షణాన ఎటు చూశాడో లెక్క తప్పకూడదు. చివరి భాగంలో తేడా వచ్చిందంటే మొదట తీసిందీ పోయినట్టే. ఆ రావణుడి షాట్ల కోసం రామారావు గంటల తరబడి కదలకుండా ఉన్నారని పాతతరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ పాండవీయం’లో కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. కెమెరా నగాయిచ్‌దే.

ఇలాంటి పనివాణ్ణి షూటింగ్ అయ్యాక పిలిస్తే ఉపయోగం లేదు. సీను రాస్తున్నప్పుడే పక్కన ఉండాలి. నటుడు ఎక్కడ నిలబడతాడు, డైలాగు ఎంతసేపు, కట్ ఎక్కడ... అన్నీ ముందే తేలాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయంటే అందులో మార్కస్ బార్ట్లీ కెమెరా ఎంతుందో, ఏ సీను ఎంత నిడివో స్టాప్‌వాచ్ పెట్టి ముందే తేల్చుకునే దర్శకుడు కేవీ రెడ్డి పద్ధతీ అంతే ఉంది. ఆ రోజుల్లో ట్రిక్ చేసేవాడు సగం డైరెక్టర్ పని చేయకుండా తన పని చేయలేడు.

అందుకే నగాయిచ్ కుర్చీ మారితే ఎవరూ ఆశ్చర్యపోయి ఉండరు. కృష్ణ హీరోగా వచ్చిన ‘గూఢచారి 116’కు ఆయనే కెమెరామన్. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ అదే కథను హిందీలో తీస్తూ దర్శకత్వం ఆయన చేతిలో పెట్టారు. 1967లో ‘ఫర్జ్’ విడుదలైంది, జితేంద్ర దశ తిరిగింది. తర్వాత రాజేశ్ ఖన్నాతో ‘ది ట్రైన్’, మిథున్ చక్రవర్తితో ‘సురక్ష’. గమనించండి, పౌరాణికాల్లో ఆరితేరిన ట్రిక్ మాస్టర్ డైరెక్టరయ్యాక గూఢచారుల వెంట పడ్డాడు. నా లెక్కలో ఆయన వెంట తీసుకెళ్లింది మాయలు కాదు, సీను తీయకముందే తెర మీద చూడగలిగే అలవాటు.

ఇప్పుడు మా పని చూడండి. సెట్లో వెనకాల కరెంటు తీగ కనబడుతుంది. ‘సీజీలో చూసుకుందాం’. హీరో జుట్టు గ్రీన్ మ్యాట్‌లో కలిసిపోతుంది. ‘సీజీలో చూసుకుందాం’. ఆ చూసుకోవాల్సినవాడు నెలల తర్వాత, ఊరికి ఇంకో చివర, ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు. అతని చేతికి వచ్చేది సీను కాదు, షాటు. మూడు సెకన్ల షాటంటే 72 ఫ్రేములు. ముందేం జరిగిందో, తర్వాత ఏమొస్తుందో తెలియదు. విదేశీ పనైతే ఒక్కోసారి సినిమా పేరు కూడా తెలియదు, కోడ్‌నేమ్ మాత్రమే.

అంత దూరం ఎంత ఖరీదైనదో ఈ హైటెక్ సిటీ ఒకసారి దగ్గరగా చూసింది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు ఇక్కడ స్టూడియో ఉండేది, ఆ సినిమాకు మనవాళ్లూ పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరక్కుండానే అదే పులికి ఆస్కార్ వచ్చింది. వేదిక మీద సూపర్‌వైజర్ బిల్ వెస్టెన్‌హోఫర్ కంపెనీ కష్టాల సంగతి ఎత్తబోతే ‘జాస్’ మ్యూజిక్ వేసి మాట ఆపించారు. పులి కళ్లలోకి ప్రాణం తెచ్చినవాళ్ల మాటకు అక్కడ దక్కిన విలువ అంత.

అయితే ఆ ఏసీ గదిలో దొరికే చదువు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రోటో అంటే మనిషి అంచుల వెంట ఫ్రేము ఫ్రేముకీ గీత గీయడం. తల వేరు, భుజం వేరు, ప్రతి వేలూ వేరు. బోరు కొట్టే పనే. కానీ నటుణ్ణి అంత దగ్గరగా చూసే అవకాశం అసిస్టెంట్ డైరెక్టర్‌కు కూడా దొరకదు. మంచి నటుడి చెయ్యి మాట కంటే కొన్ని ఫ్రేముల ముందే కదలడం మొదలవుతుంది. మాటతో సరిగ్గా కలిసి కదిలిందంటే అది కంఠతా పట్టిన చెయ్యి. అబద్ధమాడే పాత్ర రెప్ప వాల్చడానికీ, ఏడుపు ఆపుకునే పాత్ర రెప్ప వాల్చడానికీ తేడా నాకు ఏ నటన పుస్తకమూ చెప్పలేదు, రోటో చెప్పింది. ‘ఈగ’ లాంటి సినిమాకు పనిచేసినవాళ్లు ఇంకో మెట్టు పైన. ముఖంలో భావం పలకని పురుగుతో కోపం, ప్రేమ, పగ అన్నీ కాళ్లతో, రెక్కలతో, తల విసురుతో చెప్పించాలి. అక్కడ యానిమేటరే నటుడు.

మరి ఇంత చదువుకున్నవాడు సెట్లో ఎక్కడ తడబడతాడు? మాకు వెర్షన్లు అలవాటు. పదో వెర్షన్ కుదరకపోతే పదకొండోది. సాయంత్రం వెలుతురు పోయేలోపు నటి కళ్లలో రావాల్సింది రాకపోతే దానికి పదకొండో వెర్షన్ ఉండదు. అప్పటికప్పుడు ఒక మనిషితో మాట్లాడి రాబట్టాలి. మౌసు పట్టుకుని ఏళ్లు గడిపినవాడికి ఆ మాటే కష్టం. ఈ మధ్య గ్రాఫిక్స్ నుంచి వచ్చి దర్శకుడైన అనిల్ పాదూరి 2021లో తొలి సినిమాగా ‘రొమాంటిక్’ తీశారు. ఈ విద్య చూపించుకునే కథ కాదది, ఇద్దరు మనుషుల మీద నడిచే ప్రేమకథ. సినిమా ఎలా ఆడిందన్నది పక్కన పెడితే, ఆ ఎంపికలో నాకొక తెగువ కనిపించింది. మరుసటేడు ‘బింబిసార’కు మళ్లీ వీఎఫ్ఎక్స్ చేశారు. రెండు కుర్చీల మధ్య అలా తిరగగలగడం మంచిదే.

బయటి దేశాల్లో గ్రాఫిక్స్‌కీ దర్శకత్వానికీ మధ్య ఉన్న ఈ గోడ పగలగొట్టినవాళ్లు ఉన్నారు. గారెత్ ఎడ్వర్డ్స్ 2010లో ‘మాన్‌స్టర్స్’ రాసి, తీసి, కెమెరా పట్టి, గ్రాఫిక్స్ కూడా తనే చేసుకున్నాడు. జపాన్‌లో మినియేచర్లు తయారుచేస్తూ మొదలైన తకాషి యమజాకి ‘గాడ్జిల్లా మైనస్ వన్’కు తనే దర్శకుడు, తనే వీఎఫ్ఎక్స్ సూపర్‌వైజర్. 35 మంది ఆర్టిస్టులు, 610 షాట్లు, 2024లో వీఎఫ్ఎక్స్ ఆస్కార్. ఆ విభాగంలో దర్శకుడికే అవార్డు రావడం కుబ్రిక్ తర్వాత అదే. షాటు ఓకే చేసేవాడూ రాసుకున్నవాడూ ఒకడే కావడంతో అనవసరపు వెర్షన్లు తగ్గాయి. నగాయిచ్ నాటి పద్ధతి టోక్యోలో ఇంకో రూపంలో బతికే ఉందన్నమాట.

యానిమేషన్, గేమింగ్ రంగాల కోసమని రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు 2017లో శంకుస్థాపన చేశారు. భవనాలు కావాల్సిందే. కానీ మన నిర్మాతలు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. సీన్ ఆర్డర్ వేసే రోజున ఒక ఆర్టిస్టును ఆ గదిలో కూర్చోబెట్టండి. సూపర్‌వైజర్ ఒక్కణ్ణే కాదు, షాటు చేసే కుర్రాణ్ణి. ఖర్చు తగ్గుతుంది, పదేళ్లలో డైరెక్టర్లూ వస్తారు. ఇక కథలు చెప్పే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట: షోరీల్ పక్కన పెట్టి ఇద్దరు నటుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఐదు నిమిషాల సీను తీయండి. ఒక్క సీజీ షాటు కూడా ఉండకూడదు. అది నిలబడితే సెకండాఫ్ సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.