గాజు సీసాలో చలికాలపు పువ్వు

హయసింత్ అనగానే మనకు గుర్తొచ్చేది చెరువుల్ని కమ్మేసే గుర్రపుడెక్క. ఇది ఆ మొక్క కాదు. టర్కీ, సిరియా ప్రాంతాల్లో పుట్టి, 16వ శతాబ్దంలో యూరప్ చేరి, డచ్ రైతుల చేతుల్లో ఎన్నో రంగులు దిద్దుకున్న సువాసనల మొక్క. నేలలో నాటితే వసంతంలో పూస్తుంది. యూరప్‌వాళ్లు దాన్ని నడి చలికాలంలో, ఇంట్లో కిటికీ దగ్గర, మట్టి లేకుండా ఉత్త నీళ్లతో పూయిస్తారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజాస్థానంలో మదాం ద పాంపదూర్ మోజుపడిన ఈ పద్ధతి, విక్టోరియా కాలానికి ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లకూ పాకింది.

దీనికోసమే చేసిన గాజు సీసాకు మెడ సన్నగా, పైన మూతి గిన్నెలా ఉంటుంది. గిన్నెలో హయసింత్ గడ్డ కూర్చుంటుంది. నీళ్లు గడ్డ అడుగుకు తగలకుండా, కాస్త కిందే ఆగాలి. తగిలాయా, కుళ్లు పట్టినట్టే. ఆ సన్నని ఎడంలోంచే తెల్లటి వేళ్లు నీళ్లలోకి దిగుతాయి. గడ్డ పొట్టు తగిలితే కొందరికి చేతులు దురద పెడతాయి, తొడుగులు వేసుకోవడం మంచిది.

ఇలా చలికాలంలో పూయించడాన్ని తోటపనివాళ్లు బలవంతపు పూత అంటారు. ఆ మాట నాకు నచ్చదు. అక్టోబరులో ఒక గడ్డను నిలువునా కోసి చూడండి. తెల్లటి పొరల నడుమ, చిట్టి చిట్టి మొగ్గలతో పూగుత్తి అప్పటికే సిద్ధంగా ఉంటుంది. కావలసిన తిండీ ఆ పొరల్లోనే ఉంది. వంటింటి బుట్టలో ఉల్లిపాయ తనంతట తానే మొలకెత్తడం మనం చూడనిదా? హయసింత్ గడ్డకు తక్కువైనది చలి ఒక్కటే.

ఆ చలి దగ్గరే తొందరపడకూడదు. చీకట్లో, 5 నుంచి 9 డిగ్రీల మధ్య, పది పన్నెండు వారాలు ఉంచాలి. ముందే బయటికి తెస్తే కాడ సాగదు. పొట్టలోంచి సరిగా బయటపడని వరి వెన్నులా, పూలు ఆకుల మధ్యే ఇరుక్కుపోతాయి. క్రిస్మస్‌కే పూలు కావాలనుకునేవారికి 20వ శతాబ్దం తొలినాళ్లలో డచ్ ఊరు లిస్సేకు చెందిన నికోలాస్ డామెస్ దారి చూపించాడు. వేసవిలో తవ్వి తీసిన గడ్డల్ని కొన్నాళ్లు వెచ్చగా ఉంచితే లోపలి పూమొగ్గ త్వరగా తయారవుతుంది. అయినా ఆ తర్వాత చలి తప్పదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయాలంటే ఆ చలి ఫ్రిజ్‌లోనే దొరుకుతుంది. అయితే పక్కన ఆపిల్ పళ్లు ఉండకూడదు. మాగిన పళ్లు వదిలే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది.

మొలక రెండంగుళాలు లేచాక వెలుగులోకి తెస్తారు, అదీ మెల్లగా. కొందరు మొలక మీద కాగితపు పొట్లం లాంటి టోపీ పెడతారు. ఆ చీకట్లో కాడ పైకి సాగుతుంది. ఒకనాటి పొద్దున చూస్తే టోపీ గడ్డ మీద ఆనకుండా పైకి లేచి ఉంటుంది. ఇక దాన్ని తీసేయొచ్చు.